తెల్లగా ఉండవలసిన చోటు

ఏ ఫొటో తెరిచినా అతను ముందు వెతికేది తెలుపు. ఫొటోలో ఉన్నది ఎవరు, నవ్వుతున్నారా ఏడుస్తున్నారా అన్నవి తర్వాతి సంగతులు. చొక్కా కాలరో, పళ్ళో, వెనకాల గోడో, బల్ల మీద కాగితమో, తెల్లగా ఉండవలసింది ఏదో ఒకటి ఉంటుంది. దాని మీద గుర్తు పెట్టి ఒక్క నొక్కు నొక్కితే, ఇదీ తెలుపంటే అని కంప్యూటరుకు చెప్పినట్టు. ఇక మిగతా రంగులన్నీ బుద్ధిగా సర్దుకుంటాయి. బల్బు కింద తీసిన ఫొటోలో పసుపు దిగిపోతుంది. చెట్టు నీడలో పాలిపోయిన ముఖాల్లోకి నెత్తురు తిరిగొస్తుంది.

ఆ ఉదయం తెర మీద ఒక పసిబిడ్డ ఉంది. ఎంత వెతికినా తెల్లనిది దొరకలేదు. దుప్పటి ముదురు ఊదా, గోడ కనబడటం లేదు, పళ్ళు ఇంకా రాలేదు. చివరికి బిడ్డ కన్ను దొరికింది. బొమ్మను తెర నిండా పెద్దది చేసి, కంటి మూలన తెల్లగుడ్డు మీద నొక్కాడు. బిడ్డ ఒళ్ళంతా ఒక్కసారిగా లేత గులాబీ రంగుకు తిరిగింది.

"ఎవడు తీశాడో గానీ, లైటు సంగతి ఓనమాలు కూడా తెలియవు" అని గొణుక్కుని, దాచి, తర్వాతి బొమ్మ తెరిచాడు.

అది అచ్చాఫీసు పై అంతస్తులో గది. కింది యంత్రాల అదురు నేల గుండా పాదాల్లోకి వస్తూ ఉంటుంది. గదికి రెండు కిటికీలున్నాయి గానీ రెండింటికీ నల్లకాగితం అంటించి ఉంది. అంటించింది అతనే. పగటి వెలుతురు తెర మీద పడితే రంగులు అబద్ధం చెబుతాయని అతని వాదన. గాలాడక చస్తున్నామని మిగతావాళ్ళు మొత్తుకుంటే యజమాని ఇంకో ఫ్యాను పెట్టించాడు తప్ప, కాగితం తీయించలేదు. బయట ఎండ కాస్తోందో వాన పడుతోందో టీ తెచ్చే మనిషి చొక్కా చూసి తెలుసుకోవడమే.

అతనికి యాభై దాటాయి. పొడుగ్గా, సన్నగా ఉంటాడు. మెడ కాస్త ముందుకు సాగింది. కుడి మణికట్టు బల్లకు ఆనే చోట చర్మం కాయకట్టి నల్లబడింది. కళ్ళద్దాలు రెండు జతలు, ఒకటి ముక్కు మీద, ఒకటి నెత్తి మీద. నెత్తి మీదివాటి కోసం బల్లంతా తడుముకోవడం రోజూ ఉన్న భాగోతమే. పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ బొమ్మలాయనే. కంప్యూటర్లు రాకముందు సన్నకుంచెతో ఎర్రరంగు అద్ది నెగిటివుల మీద మచ్చలు మూసేవాడు. కుంచె పోయి మౌసు వచ్చింది. పని మాత్రం మారలేదు. పెళ్ళికూతుళ్ళ మొటిమలు, నాయకుల కళ్ళకింద సంచులు, పోయినవాళ్ళ పాతఫొటోల మీద బూజు, ఏది అతని చేతికొచ్చినా బాగుపడే బయటికి వెళ్ళింది.

పక్క బల్ల పేజీలమ్మాయిది. అమ్మాయి అనడమే గానీ ఆమెకు బడికెళ్ళే కూతురుంది. బొమ్మలను అతను సిద్ధంచేసి ఫోల్డర్లో పెడితే, ఆమె వాటిని పేజీల్లోకి దించుతుంది. నిజానికి పేజీలోకి బొమ్మ రాదు. ఫలానా బొమ్మ ఫలానా చోట ఉందన్న చిరునామా వస్తుంది, కంటికి ఆనడానికి ఒక పల్చటి నకలుతో. అతను ఆ చోట బొమ్మను మార్చి పాత పేరే ఉంచితే, బొమ్మలు మారాయి కొత్తవి తీసుకోనా అని ఆమె కంప్యూటరు అడుగుతుంది. ఆమె చూడకుండానే సరేనని నొక్కేస్తుంది. అతని చెయ్యి పడ్డాక బొమ్మ చెడిందన్న మాట ఆమె ఎరగదు.

ఈ వారం చేస్తున్నది పసిపిల్లల తల్లులకు ఆసుపత్రివాళ్ళు పంచే చిన్న పుస్తకం. ముడి ఫొటోలతోనే పేజీలు కట్టి చూపిస్తే, నిన్న డాక్టరమ్మ వచ్చి పేజీ పేజీకీ సరేనని సంతకం చేసి వెళ్ళింది. ఇవాళ అతని వంతు. అన్ని బొమ్మలనూ అచ్చుసిరాలకు తగ్గట్టు మార్చి, రంగు సరిచేసి, అవే పేర్లతో తిరిగి అక్కడే పెట్టాలి. సాయంత్రం లోపల పేజీలు అచ్చుప్లేట్లకు వెళ్ళిపోవాలి. పేజీలో ఏం రాసి ఉందో అతను చూడడు. ఏ పుస్తకానికీ చూడలేదు. అక్షరాలు నీవి, బొమ్మలు నావి అంటాడు పేజీలమ్మాయితో.

ఇవాళ చెయ్యి తన పని తాను చేసుకుపోతున్నా మనసు ఇంటి దగ్గరే ఉంది. పొద్దున్న భార్య మళ్ళీ అదే మాట అడిగింది.

"ఏవండీ, ఒక్కసారి నా కళ్ళు చూడండి."

అతను గడ్డం గీసుకుంటున్నాడు. అద్దంలోంచే చూశాడు. "ఏమయింది?"

"పచ్చగా లేవూ?"

"ఆ బల్బు చూడు ఎట్లా ఏడుస్తోందో. దాని కింద నిలబడితే నేనూ పచ్చగానే ఉంటాను."

"నిన్న మధ్యాహ్నం చూసుకున్నా అట్లాగే ఉన్నాయండీ."

"గోడలకు లేతపసుపు వేయించమని ప్రాణం తీసిందెవరు? నువ్వే. వెలుతురు గోడకు తగిలి ముఖం మీద పడుతుంది. రోజంతా నేను తీసేది దాన్నేగా!"

"సర్లెండి, మీకు తెలియని రంగులా" అని ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అంది. ఆమె ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని ఇరుగుపొరుగు బట్టలు కుడుతుంది. ఏ గుడ్డకు ఏ దారం నప్పుతుందో ఇన్నేళ్ళుగా అతనే చెప్పాలి. అతను చెప్పిన దారం కంటికి నప్పకపోయినా సరే, మారుమాట్లాడకుండా అదే ఎక్కించేది, కుట్టాక చూస్తే నప్పేది. పిల్లలు లేరు. లేరన్న బాధ మొదట్లో ఇద్దరి మధ్యా ముల్లులా ఉండి, తర్వాత అరిగిపోయింది. ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ, నీకు నేను నాకు నువ్వు అన్నట్టు గడుపుకొస్తున్నారు. ఆమె లేకపోతే అతనికి చొక్కా గుండీ ఎక్కడ ఊడిందో కూడా తెలియదు.

ఆమె కళ్ళ సంగతి మొదటిసారి అడిగి నెల దాటింది. అప్పటినుంచీ అరచేతులు దురదంటోంది, సబ్బు మార్చమన్నాడు. వేపుడు వాసన పడటం లేదంది, ఎండలన్నాడు. మధ్యాహ్నం మిషను మీదే తల ఆనించి పడుకుంటోంది, వయసన్నాడు. పట్టనివాడు కాదు. ప్రతిసారీ చూశాడు. చూసి, ఏమీ లేదని నమ్మి చెప్పాడు. అతని కన్ను మంచి కన్నే, చిక్కంతా అక్కడే వచ్చింది. ఏ వెలుతురులో ఏ రంగు ఎంత అదనంగా పడుతుందో అది అడగకుండానే లెక్కగట్టి తీసేస్తుంది. భార్యను చూసినప్పుడు కూడా పసుపును తీసేసి, ఆమె ఎట్లా ఉండాలో అట్లాగే చూపించింది.

మధ్యాహ్నం క్యారేజీ విప్పాడు. కూర గిన్నె ఖాళీగా ఉంది. పేజీలమ్మాయి చూసి తన గిన్నె అతని వైపు జరిపింది.

"పిన్నికి ఒంట్లో ఎట్లా ఉంది బాబాయ్? మొన్న దుకాణంలో కనబడితే గుర్తుపట్టలేదు నేను. సగమైపోయింది."

"కాస్త నీరసంగా ఉంది. తిండి తగ్గించింది."

"డాక్టరుకు చూపించారా?"

"ఊరికే నీరసమేనమ్మా."

"ఊరికే నీరసం ఎవరికొస్తుంది బాబాయ్? నాకొస్తే బాగుండు, ఒకరోజు పడుకుందును" అని ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు. కానీ సగమైపోయింది అన్న మాట క్యారేజీ మూసేదాకా చెవిలోనే ఉంది.

తిని వచ్చి కూర్చున్న కాసేపటికి ఆమె పిలిచింది.

"బాబాయ్, ఒకసారి ఇటు రండి. ఇదేమిటో చూడండి."

ఆమె తెర మీద పేజీ పూర్తిగా తయారై ఉంది. పక్కపక్కనే ఇద్దరు పసిబిడ్డలు. ఇద్దరూ ఒక్క అచ్చులోంచి తీసినట్టు గులాబీరంగులో మెరుస్తున్నారు. ఎడమ బొమ్మ కింద "ఆరోగ్యంగా ఉన్న బిడ్డ" అని ఉంది. కుడి బొమ్మ కింద "కామెర్లు వచ్చిన బిడ్డ" అని ఉంది.

అతనికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఆమెకు మాత్రం నవ్వు ఆగడం లేదు.

"పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు. మీరేమో కామెర్ల పిల్లకు కామెర్లే లేకుండా చేశారు. ఆసుపత్రివాళ్ళు మిమ్మల్ని పెట్టుకుంటే మందుల ఖర్చే ఉండదు! నేనూ చూడకుండా సరేనని నొక్కేశాను. ఇంకో గంటాగితే ప్లేటుకెళ్ళిపోయేది, డాక్టరమ్మ ఇద్దరి తోలూ ఒలిచేది."

"పాతది ఉంది, పెట్టేస్తాను" అన్నాడు. నవ్వబోయాడు గానీ కుదరలేదు. చూపు బొమ్మ మీంచి కిందికి దిగి, జన్మలో మొదటిసారి తన పేజీలో రాసి ఉన్నది చదివాడు. బిడ్డను కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళి పగటి వెలుతురులో చూడండి. బల్బు వెలుతురులో పసుపు తెలియదు. కంటిలోని తెల్లని భాగం చూడండి. పెద్దవాళ్ళకైనా గుర్తు అదే. ఒంటి దురద, ఆకలి లేకపోవడం, నీరసం ఉంటే ఆలస్యం చేయకండి.

మళ్ళీ మొదటినుంచీ చదివాడు. ఆమె ఏదో అంటోంది, వినబడటం లేదు.

తన బల్ల దగ్గరికి వచ్చి ముడి ఫొటో తెరిచాడు. చెయ్యి అలవాటుగా మౌసు మీదికి వెళితే వెనక్కి తీసుకున్నాడు. బాగుచేయకుండా ఒక బొమ్మను ఊరికే చూడటం అతనికి కొత్త. బిడ్డ నుదురు పసుపు, బుగ్గలు పసుపు, కంటి గుడ్డు పసుపు. ఫొటో తీసినవాడికి లైటు సంగతి బాగానే తెలుసు. కంటి నల్లపాప మీద చిన్న తెల్లటి చదరం మెరుస్తోంది. అది కిటికీ. బిడ్డను కిటికీ పక్కన పెట్టే తీశాడు. తెల్లగా ఉండవలసిన చోటు అదీ, తెల్లగానే ఉంది. పొద్దున్న తాను నొక్కింది దానికి వెంట్రుకవాసి పక్కన.

పాత బొమ్మను అచ్చుసిరాలకు మాత్రం మార్చి, పసుపు జోలికి పోకుండా తిరిగి అక్కడ పెట్టాడు. పేజీలమ్మాయి తెర మీద కుడివైపు బిడ్డ పచ్చబడింది. ఆమె ఈసారి కళ్ళు పెట్టి చూసి మరీ నొక్కింది. అతను అప్పటికే చెప్పులేసుకుంటున్నాడు.

కింద యజమాని తలెత్తి చూశాడు. "ప్లేట్లకెళ్ళే రోజున వెళ్తానంటావేమిటయ్యా? ఇన్నేళ్ళలో ఒక్కనాడూ అడగనివాడివి."

"అందుకేనండీ, ఇవాళ అడుగుతున్నాను."

బయట ఎండ కళ్ళలో కొట్టింది. ఆ వేళప్పుడు వీధి ఎట్లా ఉంటుందో అతను మరిచిపోయాడు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూశాడు, కళ్ళలోని తెలుపు చూశాడు. ఒకావిడ చిరాకుపడి ముఖం తిప్పుకుంది. అందరి కళ్ళూ తెల్లగానే ఉన్నాయి. బస్సులో కూర్చున్నంతసేపూ అతను ఒక్కటే కోరుకున్నాడు. ఆ గోడ రంగే అయి ఉండాలి, బల్బే అయి ఉండాలి, తన మాటే నిజమవ్వాలి.

ఆమె ముందుగదిలో నేల మీద చాప వేసుకుని పడుకుని ఉంది. తలుపు చప్పుడుకు కంగారుగా లేచింది.

"ఇదేమిటి, ఈ వేళప్పుడు? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. ఒకసారి ఇటు రా."

"ఎక్కడికి?"

"బయటికి. వెలుతురులోకి."

గుమ్మం దాటి మెట్ల మీద నిలబెట్టాడు. ఆమె చెయ్యి నొసట అడ్డం పెట్టుకుంటే, మెల్లిగా కిందికి దించాడు. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. బల్బు లేదు, గోడ లేదు. ఆమె అతని వైపు కళ్ళు విప్పి, సూదిలోకి దారం ఎక్కిస్తున్నప్పుడు నిలిపినట్టు ముఖం కదలకుండా నిలిపింది.

కళ్ళు పసుపుముద్దల్లా ఉన్నాయి. మెడ, చెవుల వెనక, జాకెట్టు అంచున భుజం, అంతా అదే. దవడ ఎముకలు ఎప్పుడు బయటపడ్డాయో అతనికి తెలియదు. ఎదురుగా కూర్చుని రెండుపూటలా తిన్న మనిషి. వీధిలో పోయే పరాయివాడు కూడా ఒక్క చూపుకు కనిపెట్టగలిగేది, తనకు కనబడలేదు. అతనికి ముందు ఏడుపు రాలేదు, సిగ్గు వచ్చింది. ఎవరైనా చూస్తున్నారేమోనని వీధి వైపు చూసేంత సిగ్గు.

అతని ముఖం చూసి ఆమే అంది. "అయితే బల్బు కాదన్నమాట."

"చీర మార్చుకో. ఆసుపత్రికి వెళదాం."

"మీరు ఏమన్నా తిన్నారా?"

"తిన్నాను. పద."

ఆసుపత్రిలో డాక్టరు ఆమె కంటిరెప్పను బొటనవేలితో పైకెత్తి చూశాడు. పొట్ట నొక్కి చూశాడు. "ఎన్నాళ్ళనుంచి ఇట్లా ఉంది?" అన్నాడు.

ఆమె భర్త ముఖం వైపు ఒక్కసారి చూసి, "ఈమధ్యేనండీ" అంది. "నాలుగైదు రోజులవుతుందేమో. ఈయన చూడగానే తీసుకొచ్చేశారు."

డాక్టరు రాసుకున్నాడు. అతను కాదనాలి. కుర్చీ చేతుల్ని పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. ఎవరెవరి బొమ్మలనో తాను ఇన్నేళ్ళూ బాగుచేసి పంపాడు. ఇప్పుడు ఆమె, ఏమీ తెలియనిదానిలా, తనను బాగుచేసి ఆ డాక్టరు ముందు పెట్టింది.

పరీక్షలన్నీ అయ్యాక పిలిచి చెప్పారు. పైత్యరసం దిగే నాళం దగ్గర గడ్డ ఉంది. కాలేయానికి కూడా పాకింది. "ఇది నాలుగైదు రోజుల వ్యవహారం కాదు" అన్నాడు డాక్టరు, కాగితాల మీంచి తలెత్తకుండా.

"నెల పైనే అయిందండీ" అన్నాడు అతను. "తను చెప్తూనే ఉంది. నేనే బల్బన్నాను."

డాక్టరుకు ఆ బల్బేమిటో అర్థం కాలేదు. "ముందే వచ్చినా ఏమయ్యేదో చెప్పలేం లెండి" అన్నాడు. అది ఓదార్పో కాదో తేల్చుకోలేక అతను చాలాసేపు వరండాలో నిలబడ్డాడు.

వార్డులో కిటికీ పక్క మంచం కావాలని నర్సును బతిమాలి వేయించుకున్నాడు. పని మానేశాడు. పగలంతా స్టూలు వేసుకుని ఆమె ముఖం చూస్తూ కూర్చునేవాడు. పొద్దుటి వెలుతురు, మధ్యాహ్నపు వెలుతురు, మబ్బు పట్టినప్పటి వెలుతురు, అన్నింటిలోనూ చూశాడు. ఏదీ తీసేయకుండా చూడటం నేర్చుకున్నాడు. ఇప్పుడు నేర్చుకుని ఏం లాభమని అతనికి తెలుసు.

"పెళ్ళిలో కూడా ఇంతసేపు చూడలేదు నన్ను" అంది ఆమె ఒకరోజు. "ఇప్పుడేం బాగున్నానని?"

"బాగున్నావు."

"అబద్ధాలు. రంగుల దగ్గరైనా నిజం చెప్పండి."

"పచ్చగా ఉన్నావు."

"బాగానా?"

"బాగా."

"మరి నేను చెప్పలా?" అని, గెలిచినదానిలా కళ్ళు మూసుకుంది. కొంచెంసేపు పెదవుల మీద నవ్వు ఉంది. ఆ నవ్వును చూస్తూ అతను మంచం పట్టీ మీద తల ఆనించి ఏడ్చాడు. ఆమె దురద చేతుల్తోనే అతని జుట్టు సవరించింది.

తర్వాత ఎన్నాళ్ళో పట్టలేదు. చివరి రోజున పక్క మంచంవాళ్ళను చూడటానికి వచ్చిన పెద్దావిడ ఒక కమలాపండు ఇచ్చి వెళ్ళింది. భార్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు వాసన చూసుకుంటూ కూర్చుంది. అంతలో నర్సు చీటీ ఇస్తే అతను ఇంజెక్షను తేవడానికి కిందికి వెళ్ళాడు. మందుల షాపు ముందు మనుషులు చాలామంది ఉన్నారు. తిరిగి మెట్లెక్కి వచ్చేసరికి మంచం చుట్టూ గుడ్డతెర లాగి ఉంది. నర్సు అతని చేతిలోంచి ఇంజెక్షను తీసుకుని, ఇక అవసరం లేదండీ అని, స్టూలు మీద కూర్చోబెట్టింది.

సాయంత్రం మంచం ఖాళీ చేయమన్నారు. అతను దువ్వెన, గ్లాసు, మడతపెట్టిన చీర, దుప్పటి సంచిలో సర్దాడు. ఇంకేమన్నా ఉందేమోనని తలగడ కింద తడిమాడు, మంచం కిందికి వంగి చూశాడు. కిటికీ గట్టు మీద కమలాపండు ఉంది. ఆమె ఒక్క తొన మాత్రం తిని, మిగతావి అతను వచ్చేలోపల ఆరిపోకుండా తొక్కను మళ్ళీ చుట్టూ మూసి, విచ్చుకున్న వైపు గోడకు ఆనించి పెట్టింది.